పడవ అడుగున మాటలు

డాల్ఫిన్లు ఒడ్డు దగ్గరికి వచ్చాయన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా నేస్తం. అరకు సంతలో, ఎండు చేపల తట్ట నెత్తి మీంచి దించకముందే, చుట్టుపక్కల బేరాలు ఆగిపోయేంత గట్టిగా చెప్పింది.

"నేస్తం, అయి వచ్చీసినాయి! మా పల్లెకి ఎదురుగానే ఆడతన్నాయి. ఈపాలి నువ్వు రాకపోతే నాను మరింక కొండ ఎక్కను."

"ముందు తట్ట దించు. మెడ పట్టేస్తాది."

"దించను. వత్తానను, దించుతాను."

పక్కన అల్లం కుప్ప పెట్టుకు కూర్చున్న ముసలమ్మకి విసుగొచ్చింది. "వత్తానని సెప్పీయే తల్లీ! ఆ సేపల పొట్టంతా నా అల్లం మీద రాల్తంది."

అలా అల్లం ముసలమ్మ పుణ్యమా అని ఒప్పుకున్నాను. ఆమె పిలవడం, నేను వాయిదా వెయ్యడం అప్పటికే మా ఇద్దరికీ అలవాటైపోయింది. ఒక ఏడు మిరియాల కోత, ఒక ఏడు అత్తగారి మోకాళ్ళ నొప్పులు, ఒక ఏడు ఊరికే బద్ధకం. సముద్రం మా ఊరికి ఒక పూట ప్రయాణం. అయినా బస్సు కిటికీలోంచి తప్ప దాన్ని సరిగ్గా చూసి ఎరగను.

నేను బడికి వెళ్ళి చదువుకున్న మనిషిని కాను. మా నాన్న పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, బొగ్గుముక్కతో గోడ మీద అక్షరాలు దిద్దించాడు. అమ్మ వారానికోసారి ఆ గోడని పేడతో అలికేసేది, మళ్ళీ మొదటి నుంచి దిద్దేదాన్ని. అక్షరాలు కూడుకోవడం వచ్చాక నా చదువంతా సంత సరుకులు చుట్టిన పేపరు ముక్కల మీద సాగింది. పెళ్ళయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మా నేస్తం దగ్గర మొదట్లో ఎండు చేపలు కొన్నది నిజానికి ఆమె చుట్టి ఇచ్చే పేపరు కోసం. ఆ ముక్కల్లో తుపాను కబుర్లు, పడవల కబుర్లు ఉండేవి. సగం వార్త చిరిగిపోతే మిగతా సగం నేనే ఊహించుకునేదాన్ని. ఒకసారి చేపల సంచీ పక్కన పెట్టి పేపరు చదువుతూ నిలబడితే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "సేపలు పారేసి కాయితం వొండుకుంతావేటే?" అంది. మా ఇద్దరి మధ్య బేరం కాని మొదటి మాట అదే.

మేం నేస్తాలమైంది ఒక వానాకాలంలో. రైలు దిగి సంతకి వస్తూ ఆమె తట్టతో సహా తడిసి ముద్దయింది. ఎండు చేప తడిస్తే ఇంక అది ఎందుకూ పనికిరాదు. మా ఇల్లు దగ్గరే కనక తీసుకొచ్చి, పొయ్యి మీది అటక మీద చేపలన్నీ పరిచి, రాత్రంతా సన్నని పొగ పెట్టాం. చేపలు నిలిచాయి. కానీ అదే అటక మీద ఇంటి వాడకానికి దాచుకున్న కాఫీ గింజలున్న సంగతి మా అత్తగారితో సహా ముగ్గురం మరిచిపోయాం. ఆ ఏడాదంతా మా ఇంట్లో కాఫీ ఎండు రొయ్యల వాసన వేసింది. వచ్చిన చుట్టాలు ఒక గుక్క తాగి గ్లాసు వైపు చూసేవారు. మా అత్తగారు మాత్రం తాపీగా, "వాసనలు కలిసిపోయాయి కదమ్మా, ఇంక మనుషులు మిగిలారెందుకు? నేస్తం కట్టేసుకోండి" అంది.

మా వైపు నేస్తం కట్టుకోవడం పెళ్ళంత పెద్ద మాట. మా కొండని కాచే జాకర దేవత రాయి ముందు ఇద్దరం పసుపు బియ్యం దోసిట్లో పట్టుకుని నిలబడ్డాం. ఒక ఆకులో ఒకరికొకరం ముద్దలు పెట్టుకున్నాం. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, నేస్తం అనే పిలవాలి. ప్రమాదం ఉన్న చోటికి నేస్తాన్ని ఒంటరిగా పంపకూడదు. నేస్తానికి అబద్ధం చెప్పకూడదు, దయతోనైనా సరే. ఆ చివరి మాట దగ్గర మా అత్తగారు మమ్మల్ని ఆపి రెండుసార్లు అనిపించింది. అప్పుడు అది ఎందుకో నాకు తెలియలేదు. దేవుడు నాకు తోబుట్టువులని ఇవ్వలేదు. ఆ లోటు తీర్చే మనిషిని ఎండు చేపల తట్టతో పంపాడని ఇప్పటికీ రోజూ దీపం దగ్గర తలుచుకుంటాను.

మరుసటి సంతనాడు సాయంత్రం ఆమెతోపాటు పాసింజరు బండి ఎక్కాను. నల్ల మిరియాలు, ఇంత పసుపు, అడ్డాకులో చుట్టిన జాకర దేవత అక్షింతలు సంచీలో వేసుకున్నాను. మా ఆయన స్టేషను దాకా వచ్చి, "సముద్రం చూసి అక్కడే ఉండిపోకు, కాఫీ ఎవరు కాస్తారు?" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఆ రొయ్యల కాఫీ తాగినావు, నీకేటైనా పరవానేదు" అని నేస్తం కిటికీలోంచి అరిచింది.

కొండ దిగే ఆ దారంతా సొరంగాలు. పెట్టెలో దీపాలు సరిగ్గా వెలగడం లేదు. బండి సొరంగంలోకి వెళ్తే పక్కనున్న మనిషి ముఖం కూడా కనిపించదు. మా నేస్తం అసలు సంగతి ఆ చీకట్లోనే చెప్పింది. వెలుతురు రాగానే మాట ఆపేసి వేరుశెనక్కాయలు ఒలుచుకునేది. మళ్ళీ చీకటి పడితే ఆపిన చోటు నుంచి అందుకునేది.

ఆమె భర్త వేటకి వెళ్ళే మనిషి. చేపల వేటని వాళ్ళు వేట అనే అంటారు. రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి పోయాడు. నేను ఆయన్ని చూసింది ఒక్కసారే, నేస్తం కట్టుకున్న రోజు మా ఊరు వచ్చినప్పుడు. చలికి దుప్పటి కప్పుకుని పొయ్యి దగ్గరే కూర్చున్నాడు, కానీ మా పిల్లలందరినీ చుట్టూ పోగేసుకుని సముద్రం కబుర్లు చెప్పాడు. పల్లెలో ఆయనకి కోతలోడు అని పేరు. ఆయన చెప్పిన కోతల్లో అన్నిటికంటే పెద్ద కోత డాల్ఫిన్లది. వల వేసి ఇంజిను ఆపేశాక పడవ అడుగు చెక్కకి చెవి ఆనిస్తే, కింద డాల్ఫిన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం వినిపిస్తుందనేవాడు.

"అందరూ నవ్వీవోరు. ఏరా, ఏటి మాటాడినాయి, ఇయాల సేప రేటెంతని అడిగినాయా, అనీవోరు. ఆయన కూడా నవ్వీసి ఊరుకునీవోడు" అంది చీకట్లోంచి.

బండి వెలుతురులోకి వచ్చింది. ఆమె కాయలు ఒలిచి నా ఒళ్ళో వేసింది. మళ్ళీ సొరంగం.

"ఆయన పోయాక పెద్దదినం నాడు బోజనాల కాడ కూడా అదే కత సెప్పుకుని నవ్వినారు. మంచోడేగానీ కోతలోడు, అన్నారు. వడ్డిత్తూ నాను కూడా నవ్వీసినాను నేస్తం. నవ్వీసి, ఆ పూట కూడు తిన్నేకపోయినాను. అప్పట్నించి ఒకటే. అది నిజమా, అబద్దమా. ఇంకేటీ అక్కర్నేదు నాకు."

"మీ మరిదిని అడగకపోయావా? పడవ ఉంది కదా."

"అడిగితే ఆడేటంతాడు? ఇనపడింది వదినా, సక్కగా ఇనపడింది, అంతాడు. నా ముకం సూసి సెప్తాడు. నాకు ముకం సూసి సెప్పీవోలు వద్దు."

బండి చాలాసేపు చీకట్లోనే నడిచింది. ఆమెకి కావలసింది నాకు సముద్రం చూపించడం ఒక్కటే కాదని అప్పటికి అర్థమైంది. ఆమెకి అబద్ధం చెప్పకూడని మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే. నేను వినాలి, విన్నది ఆమెకి చెప్పాలి. వినపడకపోతే అదీ చెప్పాలి. మా అత్తగారు ఆ మాట రెండుసార్లు ఎందుకు అనిపించిందో ఆ సొరంగంలో తెలిసింది. సంచీలోని అడ్డాకు పొట్లాన్ని తడిమి గట్టిగా పట్టుకున్నాను.

వాళ్ళ పల్లె భీమిలి దాటాక ఉంది. ఇసక మీదే ఇళ్ళు. రాత్రి అన్నంలోకి చేపల పులుసు పెట్టింది. పక్కింటి నుంచి, ఎదురింటి నుంచి మామిడికాయ పులుసు వాసన వస్తోంది. మా ఊళ్ళో మామిడి కొత్త ఇంకా కాలేదు. దేవతకి మొదటి కాయ పెట్టేదాకా మేం మామిడి ముట్టం. నేస్తం వండిన కూడు వద్దనకూడదు, కొత్త కాకుండా మామిడి తినకూడదు, ఇదేం పరీక్ష తల్లీ అనుకుంటూ ముద్ద కలిపాను. నోట్లో పెడితే చింతపండు పులుసు.

నా ముఖం చూసి ఆమె పకపకా నవ్వింది. "అంత బయమేటే? మీ కొత్త ఇంకా అవ్వనేదని నాకు తెల్దా?"

పల్లె మొత్తం మామిడికాయ వేసుకున్న రోజున నా కోసం ఒక్క కుండలో చింతపండు పిసికింది. కళ్ళు తుడుచుకుంటే కారం అనుకుందో ఏమో, మంచినీళ్ళు ఇచ్చింది.

తెల్లారి అసలు చిక్కు మొదలైంది. ఆ పల్లెలో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. చేప దించడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, అమ్ముకురావడం అన్నీ వాళ్ళవే, పడవ మాత్రం ఎక్కరు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మా నేస్తం మోకాళ్ళ లోతు దాటి ఏనాడూ నీళ్ళలోకి వెళ్ళలేదు. నేను మా గెడ్డలో చిన్నప్పటి నుంచి మొసలిలా ఈదినదాన్ని. ఈ తేడా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మరిది పడవని నీళ్ళలోకి నెడుతున్నాడు. శనాదివారాల్లో టూరిస్టులని ఎక్కించుకుని డాల్ఫిన్లని చూపిస్తాడు, కనక ఆడవాళ్ళు ఎక్కడం ఆ పడవకి కొత్త కాదు. నేను ఎక్కాను. నా వెనకే మా నేస్తం చీర ఎగదోపి పడవ అంచు పట్టుకుంది.

"వదినా, నువ్వేటి సేత్తన్నావు?" అన్నాడు మరిది.

"ఎక్కుతన్నాను. కనపడ్నేదా?"

ఒడ్డున చేపలు ఆరబెడుతున్న ముసలమ్మలు లేచి నిలబడ్డారు. "ఓలమ్మో, ఏటే ఇది! మన ఆడోలు ఎక్కీది కాదు. గంగమ్మకి కోపం వత్తాది."

"ఐతవారం పేంట్లేసుకుని టూరిస్టోలు ఎక్కితే గంగమ్మ కల్లు మూసుకుంతాదేటి?"

"ఆలు పైనోలు. ఆలకి తెల్దు."

"మరి నా నేస్తం? కొండ మీంచి వొచ్చింది. దేవత ముందర ఒట్టేసినాను, ఒంటిగా నీటి మీదకి పంపనని. ఇప్పుడు పంపితే ఆ కొండ దేవత ఊరుకుంతాదా? మీలో ఎవులు జవాబు సెప్తారో సెప్పండి, దిగిపోతాను."

ముసలమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక దేవత కోపానికి ఇంకో దేవత కోపం అడ్డు పెట్టింది మా నేస్తం. చివరికి అందరికంటే పెద్దామె, "సర్లే, నేస్తం ఒట్టు మాట ఏరు. బేగి వొచ్చీయండి" అని కూర్చుంది. అంతా అయ్యాక నేస్తం నా చెవిలో, "ఈ మాట కోసమే నిన్ను ఇన్నేల్లు పిలిసినాననుకోకు. మాటలు ఆ పూటకి అలా వొచ్చీసినాయి" అంది. నేస్తానికి అబద్ధం చెప్పకూడదు కనక నమ్మాను.

అలలు దాటేదాకా ఆమె కళ్ళు తెరవలేదు. దాటాక సముద్రం పళ్ళెంలో నీళ్ళలా నిదానించింది. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డు, ఒడ్డు వెనక కొండలు. మా కొండలు ఆ వెనక ఎక్కడో ఉంటాయి. అడ్డాకు పొట్లం విప్పి అక్షింతలు నీళ్ళలో వదిలాను. మా జాకర దేవత తరఫున వచ్చానమ్మా, పిలవని చుట్టాన్ని, అని గంగమ్మకి దణ్ణం పెట్టుకున్నాను. చెయ్యి తడిసి నాలిక్కి తగిలితే ఉప్పన. మా తాతల కాలంలో ఉప్పు కోసం కావిళ్ళు మోసుకుని కొండ దిగేవారని నాన్న చెప్పేవాడు. ఆ ఉప్పంతా ఇక్కడే ఉందన్నమాట, ఇంత విస్తారంగా, ఎవరూ కాపలా లేకుండా.

"దేవుడికి పెట్టుకో అక్కా, ఆటికి మాత్రం తినీవి ఏటీ ఎయ్యకు" అన్నాడు మరిది. ఇంజిను ఆపేశాడు. "ఎంట పడకూడదు. పడితే ఎల్లిపోతాయి. మనం కూకుంటే ఆటికే బుద్ది పుట్టి వత్తాయి."

కూర్చున్నాం. మొదట చప్పుడు వచ్చింది. చలికాలం పొద్దున్నే అరక కట్టేముందు ఎద్దు ముక్కుతో ఊపిరి వదిలినట్టు, బుస్సుమని. తిరిగి చూసేసరికి బూడిదరంగు వీపు ఒకటి నీళ్ళ మీదకి వంగి, నున్నగా లోపలికి జారిపోయింది. దాని పక్కన ఇంకొకటి. ఆ తరవాత తల్లి పక్కన అతుక్కున్నట్టు ఒక పిల్ల. అది సగం వంగి, తొందరపడి, మళ్ళీ సరిచేసుకుని మునిగింది. అడివిలో పెద్ద జంతువు ఎదురైతే చూపు దించుకోమని మా పెద్దలు నేర్పారు. చూపు దించుకోబోయి, దించుకుంటే ఇంక ఎందుకు వచ్చినట్టని మళ్ళీ చూశాను.

మా నేస్తం వాటిని చూడటం లేదు. పడవ అడుగున బోర్లా పడుకుని చెవి ఆనించింది. ఎంతసేపో అలాగే ఉంది. లేచినప్పుడు చెంప మీద పడవ అచ్చు పడింది.

"నీల్లు కొట్టుకుంతన్నాయి. అంతే."

"అన్న రోజుల్లో సెక్క పడవ వదినా. ఇది ఫైబరు. దీన్లో ఎలా ఇనపడతాది?" అన్నాడు మరిది. గొంతులో జాలి ఉంది. ఆమెకి అక్కర్లేదన్నది అదే.

ఆమె నా వైపు తిరిగింది.

మా కొండ ఆడవాళ్ళు కట్టుకున్నట్టు చీర పొట్టిగా బిగించి భుజం మీద ముడి వేసుకున్నాను. మరిది లైఫ్ జాకెట్టు తొడిగి, నడుముకి తాడు కట్టాడు. ఆ తాడు రెండో కొస నేస్తం తన ముంజేతికి చుట్టుకుంది. దిగాను. గెడ్డ నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. సముద్రం వేడిగా లేదు గానీ, కసిరినట్టు మాత్రం లేదు. ముఖం నీళ్ళలో పెట్టాను. జాకెట్టు చెవుల దాకా పైకి తన్నుకొచ్చింది, అదే బరబరా రాసుకుంటోంది. దూరంగా ఏదో మరబోటు డుగడుగలాడుతోంది. నా గుండె చప్పుడు. అంతకు మించి ఏమీ లేదు.

తల ఎత్తాను. పడవ అంచు మీంచి ఆమె వంగి చూస్తోంది.

"ఇన్నావా?"

ఎంత చిన్న మాట చాలేది అప్పుడు! ఊఁ అంటే చాలు. ఆ ముఖం వెలిగిపోయేది. మరిది ఆ మాట అనమన్నట్టు వెనక నుంచి కళ్ళతో సైగ కూడా చేశాడు.

"లేదు నేస్తం. వినపడలేదు."

ఆమె తల ఊపింది. ముంజేతి చుట్టూ తాడు ఇంకోసారి తిప్పుకుంది. "సర్లే. ఎక్కీ మరి."

నాకు ఎక్కబుద్ధి కాలేదు. జాకెట్టు విప్పి పడవలోకి విసిరాను. మరిది వద్దక్కా వద్దక్కా అని గోల పెట్టాడు. తాడు ఉంది కదా అన్నాను. పడవ అంచు ఒక చేత్తో పట్టుకుని, మరబోటు చప్పుడు సన్నగిల్లేదాకా ఆగాను. ఆ కాస్త వ్యవధిలో దేవుణ్ణి తలుచుకున్నాను. వినిపించమని అడగడానికి నోరు రాలేదు, అది నాకు నేనే అబద్ధం తయారుచేసుకున్నట్టు అవుతుందని భయం వేసింది. ఉన్నది ఉన్నట్టు వినే చెవులిమ్మని మాత్రం అడిగాను. ఊపిరి బిగించి మునిగాను.

నీళ్ళు ఆకుపచ్చగా, మసకగా ఉన్నాయి. కళ్ళు మండాయి. మరబోటు చప్పుడు పోయింది. ఆ నిశ్శబ్దంలో ముందు చిటపటమని ఏదో, ఎండుటాకుల కింద చీమలు నడిచినట్టు. ఆ తరవాత దాని మీంచి సన్నగా, సాగుతూ, కిర్రుమని ఒక చప్పుడు. ఆగింది. ఇంకో పక్క నుంచి, కొంచెం పైస్థాయిలో, దానికి జవాబు. మళ్ళీ మొదటిది. అప్పుడే నా ముందు నుంచి, చెయ్యి చాపితే అందదు గానీ అందినట్టే ఉండే దూరంలో, ఆ తల్లీ పిల్లా వెళ్ళాయి. తల్లి ఒక కన్ను నా మీద ఉంచి నెమ్మదించింది. తాడుతో కట్టేసిన ఈ జంతువు ఏమిటని అనుకుని ఉంటుంది. నేను చెయ్యి చాపలేదు. కాళ్ళు మెల్లగా ఆడిస్తూ, ఊపిరి ఉన్నంతసేపు వాటి పక్కన, వాటి నీళ్ళలో ఉన్నాను. అంత పెద్ద ఇంట్లోకి నన్ను రానిచ్చాయి. అందుకు చెప్పుకోవలసిన కృతజ్ఞత ఈ జన్మలో నాకు తీరేది కాదు.

పైకి తేలి దగ్గుతున్నాను. నా ముఖం చూసే ఆమెకి సగం తెలిసిపోయింది, అయినా ఊరుకోలేదు.

"సెప్పు. ఎలాగుంది? ఎలాగుందో సెప్పు."

"కిర్రుమని. రాత్రిపూట గాలికి పచ్చి వెదుళ్ళు ఒకదానికొకటి రాసుకుంటే వచ్చే చప్పుడు ఉంటాది కదా, అలాగ. ఒకటి అంటే ఇంకోటి అంటోంది నేస్తం. మాట్లాడుకుంటున్నాయి."

ఆమె పడవలో చతికిలబడింది. నా వైపు గానీ మరిది వైపు గానీ చూడకుండా, ఎదురుగా ఇంకెవరో ఉన్నట్టు చెప్పింది.

"ఆయన ఎదుల్లు సూన్నేదు గదా. తెడ్డుకి కొత్త తాడు కట్టి లాగితే కిర్రుమన్నట్టు ఉంతాది, అనీవోడు. నీకు సెప్పనేదు కావాలనే."

మరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు. పెద్దదినం నాటి నవ్వుల్లో అతని నవ్వు కూడా ఉండే ఉంటుంది. కాసేపటికి మా నేస్తం లేచి, నేను విసిరేసిన జాకెట్టు తీసి తొడుక్కుంది.

"నన్ను దించు."

"వదినా!"

"నువ్వు నోరు ముయ్యి. నేస్తం, దించుతావా, నానే దూకీనా?"

ఇద్దరం కలిసి దించాం. ఆమె గోళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. అమ్మో అయ్యో అని దేవుళ్ళందరినీ పిలిచింది, ముసలమ్మల్ని తిట్టింది, ఎందుకు దిగానురా అని ఏడ్చింది. పసిపిల్లకి నీళ్ళు పోసేటప్పుడు పట్టుకున్నట్టు తల కింద అరచెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాను. జాకెట్టు ఆమెని మోసింది. చెవులు నీళ్ళలోకి దిగాయి, ముఖం ఆకాశం వైపు ఉంది. అరుపులు ఆగిపోయాయి. కళ్ళు మూసుకుంది. బుస్సుమన్న ఊపిరి ఒకటి దగ్గర్లో, ఇంకొకటి దూరంగా వినిపించాయి. ఆ వీపులు మెల్లగా పొద్దు వైపు సాగిపోయేదాకా ఆమె అలాగే ఉంది.

ఆమెకి వినిపించిందో లేదో నాకు తెలియదు. పడవ ఎక్కాక ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే నిజం చెప్పవలసి వస్తుంది. కొన్ని నిజాలు మనిషిని తన దగ్గరే ఉంచుకోనివ్వాలి.

తిరుగు ప్రయాణంలో మరిది ఇంజిను వెయ్యలేదు. పడవలో ఆపదకి ఉంచుకున్న తెడ్డు తీసి, అంచుకి కొత్త తాడుతో కట్టి, లాగడం మొదలుపెట్టాడు. తాడు బిగుసుకుని కిర్రుమంది. నీళ్ళ కింద విన్నది అచ్చంగా అదే. మా వెదుళ్ళ కంటే ఆయన మాటే దగ్గరగా ఉంది. ఒడ్డు దగ్గరపడేదాకా తెడ్డు ఒక్కటే మాట్లాడింది.

తరవాతి సంతకి తట్ట దించుతూనే ఆమె అందరికీ వినపడేలా ప్రకటించింది, "మా ఆయన కోతలోడు కాడు. నా నేస్తం ఇనొచ్చింది."

అల్లం ముసలమ్మ నన్ను పరీక్షగా చూసి, "అయితే ఏటి మాటాడుకున్నాయే?" అంది.

నేను నోరు తెరిచేలోపే నేస్తం అందుకుంది. "నీ అల్లం రేటు అడిగినాయి. సాలా ఎక్కువ సెప్తన్నావంట."

సంత సంతంతా నవ్వింది. తోటివాళ్ళు నవ్వినప్పుడు వాళ్ళాయన కూడా ఇలాగే నవ్వేసి ఉంటాడనిపించింది, లోపల నిజం పెట్టుకుని.

ఇది చదివిన మీరు ఎప్పుడైనా సముద్రం మీదకి వెళ్తే, డాల్ఫిన్లు కనిపిస్తే, కాసేపు ఇంజిను ఆపమనండి. అప్పుడు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. నేస్తం భర్త పేరు పలకడం మా దగ్గర లేదు కనక ఆ పేరు మీకు ఇవ్వలేను. పడవ అడుగుకి చెవి ఆనించి విన్న మనిషి, విన్నది విన్నట్టు చెప్పిన మనిషి అని తలుచుకుంటే చాలు.